ఐసీయూ నుంచి బయటికొచ్చాం కదా, ఇంకా ఇంటికెందుకు పంపరు?

పోయిన నెల ఈ శీర్షికలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గురించి రెండు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ చూస్తే ఒకటి అర్థమైంది. బిడ్డ ఐసీయూలో ఉన్నన్నాళ్లూ ఎవరూ ఏమీ అడగరు, దేవుడి మీదా డాక్టరు మీదా భారం వేసి బయట బెంచీ మీద కూర్చుంటారు. ప్రశ్నలన్నీ బిడ్డను బయటికి తెచ్చాకే మొదలవుతాయి. నేను డాక్టర్ని కాదు, స్టాఫ్ నర్సుని, ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎక్కువ భాగం పసిపిల్లల వార్డులోనే గడిచింది. మందులూ మోతాదులూ మీ డాక్టరునే అడగండి. మిగతావి నాకు తెలిసినంతలో చెప్తాను.

ప్ర: సిస్టర్‌గారూ, మాది ఖమ్మం దగ్గర పల్లె. మా పాప 30 వారాలకే పుట్టింది, పుట్టినప్పుడు 1,250 గ్రాములు. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. వెంటిలేటర్ అయింది, సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషను) అయింది, ఇప్పుడు ఆక్సిజన్ కూడా తీసేశారు. 26వ రోజున ఐసీయూ నుంచి పక్క వార్డులోకి మార్చారు, బరువు 1,480కి వచ్చింది. పాప బానే ఉంది, పాలు అరుగుతున్నాయి, అయినా ఇంకో పదిహేను రోజులు ఉండాలంటున్నారు. ఉన్న ఎకరం తాకట్టు పెట్టాం. నిజంగా అవసరమా, బిల్లు కోసమా? మొహమాటం లేకుండా చెప్పండి.

జ: మొహమాటం లేకుండానే చెప్తాను తమ్ముడూ. బిల్లు కోసం ఉంచేవాళ్లు ఎక్కడా లేరని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ మీరు రాసిన లెక్క చూస్తే మీ పాపకు ఆ పదిహేను రోజులూ కావాలి. అవి ఆ ఆసుపత్రిలోనే గడవాలా అనేది వేరే సంగతి, దానికీ వస్తాను.

పాప వయసును గర్భం లెక్కలో చూడండి. 30 వారాలకు పుట్టింది, 26 రోజులైంది, అంటే ఇంకా 34 వారాలు కూడా నిండలేదు. లోపలే ఉండుంటే మీ ఆవిడకు ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తుండేది. చప్పరించడం, మింగడం, మధ్యలో ఊపిరి తీసుకోవడం, ఈ మూడూ ఒక వరసలో పడటం 34 వారాల దగ్గరే మొదలవుతుంది. అందాకా పాలు అరుగుతున్నాయంటే గొట్టంతో పోసినవి అరుగుతున్నాయని, తాగుతోందని కాదు. నోట్లోంచి పొట్టలోకి వేసిన సన్న గొట్టం ఇంకా ఉందా, తీసేశారా అని అక్కడి సిస్టర్‌ని అడగండి.

ఇంకోటి ఊపిరి. నెల తక్కువ పిల్లలు నిద్రలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. నిజంగా మర్చిపోవడమే, మెదడులో ఆ పని చూసుకునే భాగం ఇంకా ముదరలేదు కాబట్టి. దానికి కెఫీన్ మందు ఇస్తారు, అవును, కాఫీలో ఉండేదే. మామూలుగా 34 వారాల దగ్గర ఆపుతారు. ఆపాక ఐదు నుంచి ఏడు రోజులు మానిటర్ పెట్టి చూడాలి, ఎందుకంటే ఆ మందు ఒంట్లోంచి పూర్తిగా దిగిపోవడానికి రోజులు పడుతుంది, ఊపిరి ఆగడం మళ్లీ వస్తే అప్పుడే వస్తుంది. అది ఇంట్లో తెల్లవారుజామున మూడింటికి వస్తే చూసేదెవరు? ఈ వారం మందు ఆపితే వచ్చే వారం చివరికి ఆ గడువు తీరుతుంది. మధ్యలో 30వ రోజులోపు కంటి పరీక్ష ఉంది. గొట్టం నుంచి గిన్నెకు, గిన్నె నుంచి రొమ్ముకు మారాలి. పదిహేను రోజులు ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది కదా.

ఆ పక్క వార్డును స్టెప్‌డౌన్ అంటారు, మా దగ్గర అమ్మలంతా 'చిన్న ఐసీయూ' అనేస్తారు. పెద్ద ఐసీయూలో పనంతా మాది, ఇక్కడ పని తల్లిది. 1,480 గ్రాముల బిడ్డకు కిలోకు 150 నుంచి 180 మి.లీ. లెక్కన రోజుకు 220 నుంచి 265 మి.లీ. పాలు కావాలి. రెండు గంటలకోసారి, పగలూ రాత్రీ కలిపి పన్నెండు విడతలు, విడతకు ఇరవై మి.లీ. అటూ ఇటూ, అంటే నాలుగు చిన్న చెంచాలు. వినడానికి ఎంత? కానీ పట్టి చూడండి. బిడ్డ తల కాస్త ఎత్తుగా ఉండేలా ఒళ్లో ఆనించుకుని, ఉగ్గుగిన్నె కొస కింది పెదవి చివర ఉంచి, కొంచెం వంచి, మింగేదాకా ఆగి, మళ్లీ కొంచెం వంచాలి. తొందరపడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొన్న ఒకమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, మొదటి రోజు ఆ ఇరవై మి.లీ. పట్టడానికి నలభై నిమిషాలు తీసుకుంది, సగం పాలు బిడ్డ మెడ కింద గుడ్డలోకే పోయాయి, గిన్నె పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఐదో రోజుకు పదిహేను నిమిషాల్లో పట్టేస్తోంది. బిడ్డ పెదాల చుట్టూ రంగు కాస్త మారగానే గిన్నె తీసేసి, ఆగి, వీపు మీద రాసి, రంగు తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెడుతోంది, ఎవరూ చెప్పకుండానే. ఆ అమ్మాయిని ఇంటికి పంపడానికి నాకు భయం లేదు. మొదటి రోజే పంపేసి ఉంటే అన్న ఆలోచనే నాకు వణుకు.

బరువు సంగతి కూడా చెప్పాలి. పొద్దున ఆరింటికి మా వార్డులో త్రాసు చుట్టూ పరీక్షా ఫలితాలప్పుడు ఉన్నంత టెన్షన్ ఉంటుంది. పక్క బిడ్డ ఇరవై ఐదు గ్రాములు పెరిగి మన బిడ్డ పది తగ్గితే ఆ తల్లి ఆ పూట టిఫిన్ ముట్టదు. అమ్మా, పది గ్రాములంటే ఒక విరేచనం. ఒక్క రోజు అంకె చూడొద్దు. బట్టలూ లంగోటీ లేకుండా, పాలు పట్టకముందు, అదే త్రాసు మీద వరసగా మూడు రోజులు పెరిగిందా, అది చూస్తాం. చాలాచోట్ల 1,600 నుంచి 1,800 మధ్యకు వచ్చాక పంపుతారు గానీ బరువొక్కటే చాలదు, గొట్టం లేకుండా తాగాలి, వార్మర్ లేకుండా ఒళ్లు వెచ్చగా నిలవాలి, ఊపిరి ఆగకుండా ఉండాలి, తల్లికి చేతకావాలి.

ఇక డబ్బు. రేపు పొద్దున వెళ్లి అడగండి, మాకు రోజుకు వేస్తున్నది ఐసీయూ చార్జీనా, వార్డు చార్జీనా అని. మీ ఆవిడను రోజుకు ఎన్ని గంటలు పాప దగ్గర ఉండనిస్తున్నారో కూడా నాకు రాయండి. తల్లికి పొద్దునొకసారి సాయంత్రం ఒకసారి చూపించి పంపేస్తూ స్టెప్‌డౌన్ అని బిల్లేసే చోట్లు నాకు తెలుసు, అది నాకు బొత్తిగా నచ్చదు. తల్లి లేకపోతే అది చవకరకం ఐసీయూ, అంతే. చివరగా, మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఎస్‌ఎన్‌సీయూ, అంటే జబ్బు పసిపిల్లల ప్రత్యేక వార్డు ఉంటుంది, 1,800 గ్రాముల్లోపు పిల్లల్ని చేర్చుకోవడానికి పెట్టిందే అది. అక్కడికి మార్చమని మీ డాక్టరును అడగండి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాదిలోపు జబ్బు బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితం. బెడ్ ఉందో లేదో డాక్టరు చేత ముందే ఫోన్ చేయించండి, సమ్మరీ రాయించుకోండి, దారిలో పాపను ఎలా తీసుకెళ్లాలో అడగండి. అంతేగానీ సొంత పూచీ మీద సంతకం పెట్టి ఇంటికి మాత్రం తీసుకుపోవద్దు. ఇన్ని రోజులు పెట్టిన ఖర్చు ఒక్క రాత్రికి నీళ్లపాలవుతుంది.

ప్ర: అమ్మాయ్, నేను తెనాలి నుంచి రాయిస్తున్నాను, మా మనవరాలు రాస్తోంది. మా కోడలికి ఎనిమిదో నెలలో కాన్పయింది. ఏడో నెల బిడ్డ నిలుస్తుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదని మా అత్తగారు అనేది. అదొక దిగులు. ఆసుపత్రి నుంచి వచ్చి వారమైంది, సాంబ్రాణి వద్దంటుంది, ఆముదం వద్దంటుంది, బిడ్డను నా చేతికే ఇవ్వదు. ముగ్గుర్ని పెంచినదాన్ని నేను!

జ: అమ్మా, ముందు దిగులు తీరుస్తాను. ఎనిమిదో నెల మాట పూర్తిగా తలకిందులు. లోపల ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమే, ఏడో నెలలో పుట్టినవాళ్లకన్నా ఎనిమిదో నెల పిల్లలు నిలిచే అవకాశం చాలా ఎక్కువ. మా వార్డుకొచ్చి చూడండి, ఎనిమిదో నెల పిల్లలు ఏడో నెల వాళ్ల పక్కన మొనగాళ్లలా కనిపిస్తారు.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట. సాంబ్రాణి విషయంలో మీ కోడలిదే రైటు. ఈ పిల్లల ఊపిరితిత్తులు ఇప్పుడిప్పుడే ముదురుతున్నాయి, ఏ పొగా పనికిరాదు, దోమల చుట్టలు, అగరొత్తులు, మీవారి చుట్ట కూడా. చిట్టాముదం నోట్లో పోయడం, ముక్కులో నూనె వేయడం అసలొద్దు, ఆ జిడ్డు ఊపిరితిత్తుల్లోకి జారితే మామూలు న్యుమోనియా కన్నా మొండిగా ఉంటుంది. వస అరగదీసి నాకించడం, కళ్లకు కాటుక కూడా మానేయండి. దిష్టి చుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

కానీ మీ చేతికి ఇవ్వకపోవడం మాత్రం తప్పు, ఈ ముక్క మీ కోడలికి చదివి వినిపించండి. మీకు మూడు పనులు అప్పగిస్తున్నాను. మీ ఇంట్లో పాత వెండి ఉగ్గుగిన్నె ఉండే ఉంటుంది, దాన్ని కడిగి నీళ్లలో ఇరవై నిమిషాలు మరిగించి ప్రతిసారీ కోడలికి అందించండి. ఉగ్గు మాత్రం వద్దు, తల్లిపాలే. రెండోది, రోజుకు నాలుగైదుసార్లు అరచేతి వెనక వైపుతో బిడ్డ పొట్టా పాదాలూ ముట్టి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైంది, వెంటనే తల్లి ఛాతీ మీద వేసి కప్పండి. రెండూ చల్లగా ఉంటే అలా ఛాతీకి ఆనించుకునే ఆసుపత్రికి బయల్దేరండి. మూడోది అన్నిటికన్నా కష్టం. ఇరవై ఒకటో రోజు బారసాలకు ఊరందర్నీ పిలవకుండా చూడండి. బిడ్డ రెండున్నర కిలోలు దాటాక ఘనంగా చేసుకోవచ్చు. జలుబుతో వచ్చి ముద్దు పెట్టుకునే చుట్టాన్ని గుమ్మం దగ్గరే ఆపాలంటే కోడలి వల్ల కాదు, మీ వల్లే అవుతుంది.

ప్ర: అక్కా, వార్డులో కంగారూ కేర్, అంటే బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా ఛాతీ మీద పెట్టుకోవడం నేర్పించారు. ఇంటికొచ్చాక కుదరడం లేదు. అనంతపురం ఎండలు మీకు తెలుసు. ఇంట్లో మామగారు, మరిది ఉంటారు. పైగా బాబు 1,900 గ్రాములు ఉన్నాడు, ఇంకా అవసరమా?

జ: అవసరమే. వాడు రెండున్నర కిలోలకు వచ్చేదాకా, లేదా వాడే కాళ్లు తన్ని 'ఇక దించండి' అనేదాకా. ఈ పద్ధతి మొదలైందే చాలీచాలని ఆసుపత్రిలో. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఎడ్గార్ రే అనే పిల్లల డాక్టరు, ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గుర్ని పడుకోబెట్టాల్సి వస్తోంటే, బిడ్డను తల్లి ఛాతీకే కట్టించాడు. లేక చేసిన పని ఉన్నదానికన్నా మెరుగని తర్వాత తేలింది. 2021లో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో కలిపి ఐదు దేశాల్లో చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. కిలో నుంచి 1,799 గ్రాముల మధ్య పిల్లల్ని పుట్టిన వెంటనే తల్లి ఛాతీ మీద వేస్తే, వందకు దాదాపు 16 మంది చనిపోయేచోట 12 మందే చనిపోయారు. మందు కాదు, మిషను కాదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమంటోంది.

ఎండ గురించి. మీ ఊళ్లో స్వెటరూ దుప్పటీ అక్కర్లేదు, లంగోటీ, పల్చటి టోపీ, పైన మీ వదులు నూలు జాకెట్టు లేదా మెత్తటి చీర ముక్క చాలు. ఫ్యాన్ తిరగనివ్వండి, గాలి నేరుగా వాడికి కొట్టకుండా చూసుకోండి. చంకలో థర్మామీటర్ పెడితే 97.7 నుంచి 99.5 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి, దాటితే టోపీ తీసేయండి. పెట్టుకున్నప్పుడల్లా కనీసం గంట ఉంచండి, పది నిమిషాలకోసారి ఎత్తి దించడం వాడికి అలసట. తల ఒక పక్కకు తిరిగి ఉండాలి, గడ్డం ఛాతీకి నొక్కుకోకూడదు, ముక్కు కనిపిస్తుండాలి.

మగవాళ్ల సంగతి. పైన చున్నీ కప్పుకుంటే బయటివాళ్లకు బిడ్డ టోపీ తప్ప ఏమీ కనబడదు. అయినా అన్ని గంటలూ మీరే ఎందుకు? మీ ఆయన్ని చొక్కా విప్పి కూర్చోమనండి. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఆయనది డ్యూటీ. మీ మామగారికి కూడా ఒకసారి ఇచ్చి చూడండి, నేను హాస్యానికి అనడం లేదు, మా వార్డులో ఒక తాతగారు మనవణ్ణి ఛాతీకి కట్టుకుని నాలుగు గంటలు కదల్లేదు, టీ కూడా వద్దన్నారు.

ప్ర: సార్/మేడం, మాది పార్వతీపురం వైపు. బాబు 31 వారాలకు 1,400 గ్రాములతో పుట్టాడు. 22వ రోజు డిశ్చార్జి చేసి కంటి పరీక్షకు 28వ రోజు రమ్మన్నారు. ఆ రోజు వాన, బాబుకు కొంచెం జలుబు, పోలేకపోయాం. ఇప్పుడు 37వ రోజు. కళ్లు చక్కగానే ఉన్నాయి, లైటు వేస్తే చూస్తున్నాడు. వచ్చే నెల టీకాకు వెళ్లినప్పుడు చూపిస్తే సరిపోతుందా?

జ: సరిపోదు. ఈ పత్రిక పక్కన పెట్టి రేపటి బస్సు చూసుకోండి.

కంటి వెనక పొర మీద రక్తనాళాలు గర్భంలో 40వ వారం దాకా మెల్లగా అంచుకు పాకుతూ ఉంటాయి. ముందే పుట్టిన పిల్లల్లో అవి సగం దారిలో ఆగి, దారి తప్పి అడ్డదిడ్డంగా పెరుగుతాయి, చివరికి పొరనే లాగేస్తాయి. దీన్నే ఆర్‌ఓపీ అంటారు. పైకి ఏమీ కనబడదు. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, లైటు వైపు చూస్తాడు కూడా. తల్లిదండ్రులకు కనబడేసరికి, అంటే నల్లగుడ్డు మధ్యలో తెల్లగా మెరిసేసరికి, చేయగలిగింది చాలా తక్కువ. 34 వారాల్లోపు పుట్టినా, రెండు కిలోల లోపు ఉన్నా 30వ రోజులోపు పరీక్ష జరగాలి. 28 వారాల్లోపు, 1,200 గ్రాముల్లోపు వాళ్లకైతే రెండు మూడు వారాలకే. ముదిరిందని తేలితే రెండు మూడు రోజుల్లో లేజరు గానీ ఇంజెక్షను గానీ చేయాలి. రోజుల లెక్క ఇది, నెలల లెక్క కాదు.

మీకు విశాఖ దగ్గర. అక్కడ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి శాఖ ఉంది. ఆ సంస్థవాళ్లు 1990ల చివరి నుంచే హైదరాబాద్‌లో పసిపిల్లల వార్డులకు తామే వెళ్లి ఈ పరీక్ష చేస్తూ వచ్చారు. లేదా డిశ్చార్జి చేసినచోటికే ఫోన్ చేసి కంటి డాక్టరు ఏ రోజు వస్తారో కనుక్కోండి. పరీక్షకు ముందు గంటసేపు పాలు పట్టొద్దు, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక కాసేపు ఆగాలి, రెప్పలు విప్పి పట్టుకుంటే బాబు గుక్కపెట్టి ఏడుస్తాడు, చూడలేకపోతే మీరు బయట నిలబడండి. ఒక్కసారితో అయిపోదు, నాళాలు అంచు దాకా పాకేవరకు వారానికో రెండు వారాలకో మళ్లీ రమ్మంటారు. అన్నిసార్లూ వెళ్లండి. అదే ప్రయాణంలో చెవి పరీక్ష కూడా అడగండి. ఐసీయూలో ఉన్న పిల్లలకు బెరా అనే పరీక్షే కావాలి, చెవిలో చిన్న మొన పెట్టి క్షణాల్లో చేసేదొకటి ఉంది, అదొక్కటే వీళ్లకు చాలదు.

ప్ర: నాకు కవలలు. పాపను ఇంటికి పంపారు, బాబు ఇంకా వార్డులోనే. నేను పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం అక్కడ. పాలు తగ్గిపోయాయి. డబ్బా పాలు మొదలుపెట్టమంటున్నారు ఇంట్లో. — రాజమండ్రి నుంచి

జ: తిరగడం వల్ల తగ్గలేదమ్మా, పిండటం మానేసినందుకు తగ్గాయి. పాపకు పట్టినా పట్టకపోయినా రోజుకు ఎనిమిదిసార్లు పిండాలి, అందులో ఒకటి అర్ధరాత్రి. నాలుగైదు రోజులు ఓపిక పట్టండి, తిరిగొస్తాయి. పిండిన పాలు చల్లటి గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటాయి. మూతున్న స్టీలు డబ్బా మీద టైము రాసి, ఐస్ పెట్టిన డబ్బాలో మీ ఆయన చేతికిచ్చి పంపండి. ఇంకో దారి కూడా ఉంది, పాపను తోడుగా ఉంచుకుని మీరు వార్డులోనే ఉండొచ్చేమో అడగండి, చాలా స్టెప్‌డౌన్‌లలో తల్లికి మంచం ఇస్తారు. పాలు అసలే చాలకపోతే డబ్బా కన్నా ముందు తల్లిపాల బ్యాంకు గురించి అడగండి. మన దేశంలో మొదటిది 1989లో ముంబై సయాన్ ఆసుపత్రిలో పెట్టారు, హైదరాబాద్ నీలోఫర్‌లో కూడా ఉంది.

ప్ర: మేం న్యూజెర్సీలో ఉంటాం. బాబు 33 వారాలకు పుట్టాడు, అన్నీ బాగున్నాయి, కానీ కార్ సీట్ టెస్టులో ఫెయిల్ అయ్యాడని ఇంటికి పంపలేదు! విజయవాడ నుంచి అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లు ఇది విని నవ్వుతున్నారు.

జ: నవ్వొద్దని చెప్పండి. సీటులో సగం కూర్చున్నట్టు పెడితే మెడ బలం లేని పిల్లలకు తల ముందుకు వాలి శ్వాస దారి నొక్కుకుంటుంది. అందుకే అక్కడ 37 వారాల్లోపు పిల్లల్ని గంటన్నర నుంచి రెండు గంటలు సీటులో ఉంచి ఆక్సిజనూ గుండె వేగమూ చూస్తారు. రెండు రోజులాగి మళ్లీ చేస్తారు, పాసవుతాడు. మన దగ్గర ఆ పరీక్ష లేదు, కానీ ఆటోలో బిడ్డను ఒళ్లో ముడుచుకుపోయేలా పట్టుకుంటే జరిగేది అదే, మనం చూడమంతే. మీ అమ్మానాన్నలు బాబును ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందు ఫ్లూ టీకా, కోరింత దగ్గు టీకా వేయించుకోవాలని అక్కడి డాక్టర్లే అడుగుతారు, విమానం ఎక్కకముందే వేయించేయండి. ఆవకాయ జాడీకన్నా ముందు అది సర్దాలి.

ప్ర: మా పాపకు ఐదు నెలలు. 29 వారాలకు పుట్టింది. పక్కింటి పాప ఇదే వయసులో బోర్లా పడుతోంది, మాది ఇంకా తల నిలపడం లేదు. ఐసీయూలో ఏమైనా అయిందా?

జ: పదకొండు వారాలు ముందొచ్చింది, ఐదు నెలల్లోంచి ఆ రెండున్నర నెలలు తీసేయండి. మీ పాపది రెండున్నర నెలల పాప చేసే పని. తల నిలపడానికి ఇంకా టైముంది. రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే తీసేసి చూడాలి. ఒక్క టీకాలకు మాత్రం తీసేయకూడదు, అవి పుట్టిన తేదీ నుంచే 6, 10, 14 వారాలు. ఇవి వెనకబడితే వెంటనే వేయించండి. ఐరన్ చుక్కలు, విటమిన్ డి ఆపేశారా? చాలామంది సీసా అయిపోగానే ఆపేస్తారు, డాక్టరు ఆపమనేదాకా ఆపకూడదు. సరిచేసిన వయసు నాలుగు నెలలు దాటినా తల వాలిపోతుంటే, కాళ్లు కర్రల్లా బిగుసుకుంటే, ఎప్పుడూ ఒకే చెయ్యి కదుపుతుంటే అప్పుడు జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను ముందే పట్టి చూసే కేంద్రానికి తీసుకెళ్లండి, ఫిజియోథెరపీ అక్కడే చేస్తారు. పక్కింటి పాపను చూడటం మానేయండి, ఆ అమ్మ కూడా ఇంకో పక్కింట్లోకి చూస్తూ ఉంటుంది.

ప్ర: ఎన్నో రోజులు ఇంటికి ఎప్పుడెప్పుడా అని ఏడ్చాను. ఇప్పుడు ఇంటికొచ్చి ఆరు రోజులు. మానిటర్ శబ్దం లేదు, సిస్టర్లు లేరు. రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చుంటున్నాను. నిద్ర లేదు. వార్డుకే తిరిగి వెళ్లిపోవాలనిపిస్తోంది. నేను మంచి తల్లినేనా?

జ: పేరు రాయలేదు, ఊరు రాయలేదు, కానీ ఇలాంటి అమ్మాయి వారానికొకరు నాకు ఫోన్ చేస్తారు. ఆ బీప్ శబ్దాన్ని తిట్టుకున్న వాళ్లే అది లేక నిద్ర పోలేరు.

ముక్కు దగ్గర వేలు పెట్టకండి, పొట్ట చూడండి. ఈ పిల్లలు గబగబా నాలుగైదు ఊపిర్లు తీసి, ఐదు పది సెకన్లు ఆగి, మళ్లీ తీస్తారు, అది మామూలే, భయపడొద్దు. ఇరవై సెకన్లు ఆగితే, లేదా ఆగి పెదాలు నీలమైతే అరికాలు గీకి కదిలించి, అలాగే ఎత్తుకుని 108కి చేయండి. అనుమానమొస్తే బిడ్డ నిద్రలో ఉండగా గడియారం పెట్టుకుని పూర్తి నిమిషం ఊపిర్లు లెక్కపెట్టండి, అరవై దాటితే మళ్లీ లెక్కపెట్టండి, అప్పుడూ దాటితే ఆసుపత్రి. డొక్కలు లోపలికి పోతున్నా, నిన్నటిదాకా తాగిన బిడ్డ వరసగా రెండు విడతలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా కాలినా, అరచేతులూ అరికాళ్లూ పసుపు తేలినా, లేపితే లేవకపోయినా, పొద్దున చూద్దాంలే అనొద్దు. ఇవేవీ లేకపోతే పడుకోండి. బిడ్డ వెల్లకిలా, దిండు లేకుండా, మీ మంచం పక్కనే. ఆశా కార్యకర్త 42 రోజుల దాకా ఇంటికి రావాలి, ఆ తర్వాత మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూడు నెలలకోసారి. ఆమె రాకపోతే మీరే కబురు పెట్టండి, బరువు చూపించుకోండి.

రెండు వారాలు దాటినా మీ ఏడుపు ఆగకపోతే, బిడ్డ మీద కూడా ప్రేమ పుట్టడం లేదనిపిస్తే, దాచుకోవద్దు. 14416కి చేయండి, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే, బిడ్డకు ఏదైనా చేసేస్తానేమో అని భయమేస్తే మాత్రం రెండు వారాలు చూడొద్దు, ఆ నిమిషమే ఇంట్లోవాళ్లను లేపి చెప్పండి, ఒంటరిగా ఉండకండి.

ఇక ఈ రాత్రి నుంచి అర్ధరాత్రి దాటాక రెండింటికి పట్టే పాలు మీ ఆయన పడతాడు. మీరు పిండి గిన్నెలో మూత పెట్టి పడుకోండి. ఆయనకు ఉగ్గుగిన్నె పట్టుకోవడం రాదంటారా, పొద్దున పదింటికి మీరు డిశ్చార్జయిన వార్డుకే పంపండి. మా దగ్గరికైనా సరే. బొమ్మ మీద నేర్పి, మధ్యాహ్నానికి తిప్పి పంపిస్తాం.